ఆమె అడగని బదిలీ

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఆడపిల్లలు చోడవరంలో మా ఇల్లు వెతుక్కుని వచ్చి ఒకటే మాట అడుగుతున్నారు. "మేడం, ఫిర్యాదుల కమిటీలో నా పేరు ఏసేసేరు. ఇప్పుడు నన్నేటి చెయ్యమంటారు?" అని. కాఫీ ఇచ్చి, నాకు తెలిసింది చెప్పి పంపిస్తున్నాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నా ఉద్యోగంలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. టైపిస్టుగా చేరాను, సూపరింటెండెంటుగా దిగిపోయాను. మధ్యలో ఏయే ఊళ్లు తిరిగానో నా సర్వీసు రిజిస్టరులో ఉంది, అది మీకు అక్కర్లేదు. శాఖ పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఇది జిల్లాలు విడిపోకముందు సంగతి. అప్పటికి మాది విశాఖ జిల్లాయే, మా పై ఆఫీసు విశాఖలోనే ఉండేది.

బోర్డు మీద పేరు

పనిచేసే చోట ఆడవాళ్లను ఎవరైనా వేధిస్తే విచారించడానికి ప్రతి ఆఫీసులోనూ ఒక కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలిగా పై హోదాలో ఉన్న ఆడమనిషిని పెట్టాలి. మా డివిజన్లో అలాంటి ఆడమనిషిని నేనొక్కదాన్నే. అంతకు మించి నాకే అర్హతా లేదు. నాతో పాటు ఇంకో సెక్షన్ సూపరింటెండెంటు గంగాధరం ఉన్నాడు. బయటి మనిషి ఒకరు ఉండాలి కాబట్టి అనకాపల్లి నుంచి రిటైరైన హెడ్మిస్ట్రెస్ రజియాగారిని వేశారు. విశాఖలో ఒక పూట శిక్షణ ఇచ్చారు. బిస్కెట్లు పెట్టి, ఫొటో తీసి పంపేశారు. మేం తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర బోర్డు వేలాడుతోంది, మా ముగ్గురి పేర్లతో. నా ఫోను నంబరులో ఒక అంకె తప్పు. మార్చమని అడిగితే, "ఎవరు చేస్తారు మేడం మీకు ఫోన్లు" అన్నారు. నేను దిగిపోయే నాటికి కూడా అది తప్పుగానే ఉంది.

ఆఫీసు ఫిర్యాదుని ఎలా చూస్తుందో నాకు అంతకుముందే తెలుసు. ఒకసారి ఒక జూనియర్ అసిస్టెంటు, దళితుల కుర్రాడు, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాడు. అందరికీ టీ గాజుగ్లాసుల్లో వస్తుంది, తనకు మాత్రం కాగితం కప్పులో వస్తోందని. అప్పటి ఆఫీసరు చాలా తెలివైనవాడు. విచారణ లేదు, ఏమీ లేదు, మర్నాటి నుంచి అందరికీ కాగితం కప్పులు పెట్టించాడు. అంతే, ఫిర్యాదు పరిష్కారమైపోయిందని రాసేశాడు. ఆ తర్వాత టీ తాగిన ప్రతివాడూ ఆ కుర్రాడినే తిట్టుకున్నాడు, టీ బాగోలేదని. అతనికి జరిగిందేమిటో తెలుసుకోవాలని ఒక్కడికీ లేదు. ఫిర్యాదు కనబడకుండా పోతే చాలు. మీరు కూడా ఆ కుర్చీలో కూర్చోబోతున్నారు కాబట్టి ఇది ముందుగా చెబుతున్నాను.

నిర్మల

నిర్మల మా ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. వాళ్ల నాన్న మా శాఖలోనే పనిచేస్తూ పోతే కారుణ్య నియామకంలో వచ్చింది. రావికమతం దగ్గర పల్లె, చర్చికి వెళ్లే కుటుంబం. భర్త రావికమతం నుంచి చోడవరం షేర్ ఆటో నడుపుతాడు. ఇద్దరు చిన్నపిల్లలు, పెద్దవాడి చదువు చోడవరంలోనే. పని తెలిసిన పిల్ల. నెమ్మదిగా మాట్లాడుతుంది, కానీ ఎదటివాళ్లు ఎంత పెద్దవాళ్లయినా మాట మింగదు. ఆ గుణం కొందరికి గిట్టలేదు.

కొత్తగా వచ్చిన డివిజన్ ఆఫీసరు పేరు మూర్తిగారు అనుకోండి. మృదువుగా మాట్లాడే మనిషి. అందర్నీ "అమ్మా" అనేవాడు. పైనుంచి ఎవరైనా పెద్దలొస్తే గుమ్మం దగ్గర బొకే పట్టుకుని నిలబడటానికి వయసులో ఉన్న ఆడపిల్లలే కావాలి ఆయనకు. మా వయసు వాళ్లం ఫైళ్లు పట్టుకుని వెనకాల నిలబడాలి. దీన్ని మేం నవ్వుకుంటూ చూశాం. నవ్వకుండా ఉండాల్సింది.

తర్వాత క్యాంపులు మొదలయ్యాయి. మండలాలకు తనిఖీకి వెళ్లేటప్పుడు జీపులో నిర్మలను రమ్మనేవాడు, రాసుకోవడానికి మనిషి కావాలని. రాసుకునే మగవాళ్లు ఆఫీసులో నలుగురున్నారు. బుచ్చయ్యపేట నుంచి తిరిగి వస్తుంటే జీపు వెనక సీట్లో ఆమె తొడ మీద చెయ్యి వేశాడు. ఆమె తీసేసింది. మళ్లీ వేశాడు. ఆమె డ్రైవరుతో "బండి ఆపండి" అని, వడ్డాది జంక్షన్లో దిగిపోయి, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసుకొస్తే ఆమె టేబులు లేదు, కుర్చీ లేదు. ఆమె చూసే ఫైళ్లు ఇంకొకరి బల్ల మీదున్నాయి. రికార్డు రూము బయట, చెదలు పట్టిన బీరువాల పక్కన ఒక బెంచీ చూపించి అక్కడ కూర్చోమన్నారు. పని లేదు. వచ్చి సంతకం పెట్టడం, సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోవడం. దారినపోయే ప్రతి ఒక్కడూ "ఏటమ్మా, ఇక్కడ కూకున్నావు?" అని అడగడం.

నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ఏడవలేదు. "మేడం, ఆయన్ని ఉరి తియ్యమని నేనడగట్లేదు. ఉద్యోగంలోంచి తీసెయ్యమని కూడా అడగట్లేదు. నా సీటు నాకిప్పించండి. నా టేబులు కాడ కూకుని నా పని నేను చేసుకుంటాను" అంది.

"రాసివ్వగలవా అమ్మా?" అన్నాను.

"రాస్తాను. రాస్తే సీటొస్తాదా?"

వస్తుందని చెప్పలేదు నేను. రాయకపోతే మాత్రం రాదని చెప్పాను. రెండు రోజులు ఆలోచించుకుని వస్తానంది.

చీర

ఆ రెండు రోజుల్లోనే నన్ను మీటింగని విశాఖ పిలిచారు. అది అనుకుని పిలిచారో లేదో నాకిప్పటికీ తెలియదు. సాయంత్రం బస్సులో ఉండగా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. మూర్తిగారి గదిలో నిర్మల నిలబడి ఉంది. ఆయన పళ్లెంలో చీర, జాకెట్టు ముక్క, పళ్లు పెట్టి ఇస్తున్నాడు. ఆమె రెండు చేతులతో అందుకుంటోంది. పక్కన మా ఉద్యోగుల సంఘం నాయకుడు సన్యాసిరావు పెళ్లిపెద్దలా చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కింద ఆయనే రాశాడు: "అన్నాచెల్లెళ్ల అనుబంధం కలకాలం వర్ధిల్లాలి." దాని కింద దండాలు, పువ్వులు, వరసగా. నాకు ఒళ్లు మండిపోయింది.

మా వైపు ఇది అలవాటే. ఆడమనిషి విషయంలో గొడవొస్తే పెద్దమనుషులు కూర్చుని ఆ మగవాడి చేత ఆమెకు చీర పెట్టిస్తారు. చీర పెట్టాక ఆమె చెల్లెలైపోతుంది. చెల్లెలయ్యాక ఇక గొడవేముంది? ఊళ్లో జరిగేది గవర్నమెంటు ఆఫీసులో ఏసీ గదిలోకి కూడా వచ్చింది, అంతే తేడా. సన్యాసిరావు చెడ్డవాడని నేననను. ఎవరి జీతం ఆగినా తనే విశాఖ పరిగెత్తేవాడు. ఆయన నిజంగానే నమ్మాడు, పదిమందిలో చీర పెడితే మూర్తిగారు ఇక తలెత్తి ఆమె వంక చూడడని. పల్లెలో అయితే అంతో ఇంతో అది నిజం కూడా కావచ్చు. అక్కడ పెట్టినవాడు జీవితాంతం ఆ పదిమంది మధ్యే బతకాలి. ఆఫీసరుకు ఏం పట్టింది? ఆయన ఆ పదిమందికీ పైన ఉన్నవాడు.

మర్నాడు సన్యాసిరావుని పట్టుకుని అడిగాను. "ఎవర్నడిగి చేసేరు ఈ పని?"

"మంచికే చేసేనండి సుగుణమ్మగారూ. ఆడగుంట కమిటీలూ కోర్టులూ తిరిగితే ఊళ్లో ఏటనుకుంటారు? ఆల్ల మొగుడు ఆటో తోలుకునేటోడు. సారు కూడా అందరి ముందర చెల్లెమ్మా అన్నారు. సీటు ఇచ్చెత్తానన్నారు."

"ఇచ్చేరా మరి?"

"ఇత్తారు. రెండ్రోజులు ఆగమన్నారు."

ఆయన ఆగాడు. నిర్మల వారం ఆగింది, ఆ బెంచీ మీదే. తర్వాత ఫిర్యాదు రాసి నా చేతికిచ్చింది.

విచారణ

కమిటీ ముందుకొచ్చిన మొదటిరోజే మూర్తిగారు తన ఫోను తీసి ఆ ఫొటో మా ముందు పెట్టాడు. ఎంత నెమ్మదిగా మాట్లాడాడో ఇప్పటికీ చెవుల్లో ఉంది. "అమ్మా, మీరూ ఆడవాళ్లే. తప్పుగా ప్రవర్తించినవాడి చేతి చీర ఏ ఆడదైనా తీసుకుంటుందా? ఇష్టంగా, నవ్వుతూ తీసుకుంది. ఏదో చిన్న అపార్థం ఉంటే ఆరోజే రాజీ అయిపోయింది. రాజీ అయ్యాక మళ్లీ విచారణేమిటి? చట్టంలో కూడా లేదు కదా." చట్టం ఆయన మాకంటే బాగా చదువుకొచ్చాడు.

గంగాధరం వెంటనే తలూపాడు. "అదీ నిజమే మేడం."

ఇది జాగ్రత్తగా చదవండి, మీకూ పనికొస్తుంది. చట్టంలో రాజీ ఉంది. కాని దాన్ని బాధపడిన మనిషే కోరాలి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక కోరాలి, కమిటీ ద్వారా జరగాలి, కమిటీ దాన్ని రాసిపెట్టాలి. ఆఫీసరు గదిలో సంఘం నాయకుడు పెట్టించిన పళ్లెం రాజీ కాదు. అప్పటికి ఆమె ఫిర్యాదే ఇవ్వలేదు. ఈ మాట గంగాధరానికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి తలుపు దగ్గరగా వేసి నాతో అసలు మాట చెప్పాడు: "మేడం, మీరింకేడాదిలో దిగిపోతారు. నాకింకా చాలా సర్వీసుంది. నా రిపోర్టులు రాసేది ఆయనే." కోపం వచ్చింది గాని, అబద్ధమైతే చెప్పలేదు కదా అనుకున్నాను. కమిటీలో ఉన్నవాడి ప్రమోషను, కమిటీ విచారిస్తున్నవాడి చేతిలో ఉంది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో వాళ్లని అనాలి.

రజియాగారు నిర్మలను సూటిగా అడిగారు. "ఎందుకు తీసుకున్నావమ్మా ఆ చీర?"

"సీటిస్తామన్నారు మేడం. చీర కాదు, ఆ టైములో బండరాయి చేతిలో పెట్టినా తీసుకుందును."

"నవ్వుతున్నావు కదా ఫొటోలో?"

"నవ్వమన్నారు. ఫొటో తీసేవాళ్లు నవ్వమనే అంటారు కదండీ."

రజియాగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

డ్రైవరుని పిలిచాం. ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనిషి, ఒక్క ఫోను చేస్తే మర్నాటికి ఉద్యోగం ఉండదు. "జీపులో ఏం జరిగింది బాబూ?" అన్నాను.

"నాను రోడ్డు సూస్తన్నానండి. ఎనక్కి సూత్తే గుద్దెయ్యనా?"

"నిర్మల మేడం బండి ఆపమన్నారా?"

"ఆపమన్నారు."

"మధ్యదారిలో ఎందుకు ఆపమన్నారు?"

"ఆరి గొంతు బాగోలేదండి. అంతవరకే నాకు తెలుసు" అన్నాడు. ఆ ఒక్క మాటకి అతనికి మేం రుణపడి ఉన్నాం. వడ్డాది జంక్షన్లో ఆడమనిషిని దింపేసి ఆఫీసరు జీపు వెళ్లిపోయిందంటే మీరే ఆలోచించండి.

నివేదికలో రజియాగారు, నేను ఆరోపణ రుజువైందని రాశాం. ఆయన్ని ఇక్కడినుంచి పంపాలని, ఆమె సీటు ఆమెకు ఇవ్వాలని సిఫారసు చేశాం. గంగాధరం "ఆధారాలు చాలవు" అని విడిగా రాసి సంతకం పెట్టాడు. అప్పటివరకూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఒక వాక్యం

నివేదిక విశాఖ వెళ్లి కూర్చుంది. నెలలు గడిచాయి. నిర్మల బెంచీ మీదే. ఆఫీసులో అందరూ ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆడవాళ్లతో సహా, ముందుగా ఆడవాళ్లే. మధ్యాహ్నం కలిసి అన్నం తినేవాళ్లు బాక్సులు తీసుకుని పై అంతస్తుకి మారిపోయారు. "ఎందుకొచ్చిన గొడవ మేడం, పిల్లలు గలవాళ్లం" అంది ఒకావిడ నాతో. నిర్మలకు మాత్రం పిల్లలు లేరా?

ఉండబట్టలేక విశాఖ వెళ్లాను. అక్కడ జిల్లా అధికారి ఒక ఆడమనిషి. నాకంటే చిన్నది, చాలా చదువుకున్నది. ఆడమనిషి ఉంది కదా, వింటుందని ఆశపడ్డాను. విన్నది కూడా. నీళ్లిచ్చింది, కూర్చోబెట్టింది.

"సుగుణగారూ, రిపోర్టు చదివాను. మూర్తిగారికి రాతపూర్వకంగా మందలింపు ఇస్తున్నాం. కదిలిస్తే కోర్టుకెళ్తాడు, తెలుసుగా. కానీ పాపం ఆ అమ్మాయి అక్కడ చాలా ఇబ్బంది పడుతోంది. ఆమెకు ప్రశాంతమైన చోటు చూశాం."

"ఆ అమ్మాయి తన సీటే అడిగిందండి. వేరే చోటు అడగలేదు."

ఆవిడ మా నివేదిక తెరిచి, నిర్మల వాంగ్మూలంలో ఒక వాక్యం కింద గీత పెట్టి ఉంటే చూపించింది. "ఆయన ఉన్నచోట పనిచేయడం నాకు చాలా కష్టంగా ఉంది." ఆ మాట నిర్మల ఏడుపు ఆపుకుంటూ అన్నది. నా చేత్తో నేనే రాశాను, ఎంత బాధపడిందో పై వాళ్లకు తెలియాలని. "చూశారా, ఆవిడే అడిగింది కదా" అంది జిల్లా అధికారి.

నిర్మలను ముంచింగిపుట్టు వేశారు. మాడుగుల ఘాటీ ఎక్కి, పాడేరు దాటి, ఇంకా అడవిలోకి. ఆర్డరులో "ఆమె కోరిక మేరకు" అని రాశారు. కోరిక మేరకు అంటే ఇక ఎవరూ ఎందుకని అడగరు.

ఆ వాక్యం రాయడం నా తప్పని నేననుకోను. ఆమె అన్నమాట రాయకపోతే అదీ తప్పే. కాని కొత్తవాళ్లకు ఒక్కటి చెబుతున్నాను, మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకండి. ఆ మాట ఎవరైనా అనగానే కలం ఆపకండి. "అయితే నీకేం కావాలమ్మా?" అని అడిగి, "నేను ఇక్కడే ఉంటాను, కదలాల్సింది ఆయనే" అని ఆమె చేత అనిపించి, అది కూడా అదే పేజీలో రాయండి, ఆమె చేత సంతకం పెట్టించండి. బాధ ఒక్కటే రాస్తే పై వాళ్లు దాన్ని వాళ్లకు కావలసినట్టు చదువుకుంటారు. మన ఆఫీసులకు బాధపడ్డవాళ్లను జాగ్రత్తగా దూరంగా పంపడం చాలా బాగా వచ్చు. మగవాడికి మందలింపు కాగితం, ఆడమనిషికి అడవి. దాన్ని రక్షణ అంటారు.

చోడవరం బస్టాండు

ఆమె వెళ్లే రోజు పొద్దున్నే బస్టాండుకి వెళ్లాను. భర్త ఆటోలోంచి సామాను దింపుతున్నాడు. ఒక ట్రంకు పెట్టె, గ్యాసు స్టవ్వు, చాప. చిన్నపిల్లని తనతో తీసుకెళ్తోంది, పెద్దవాడు చదువు కోసం తండ్రి దగ్గర ఉండిపోతున్నాడు. వాడు ఆటోలోంచి దిగనని మొండికేసి కూర్చున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు.

ఆర్డరు మీద పైకి అప్పీలు చేద్దామని, రజియాగారు కూడా సాయం చేస్తానన్నారని చెప్పాను. నిర్మల తల అడ్డంగా ఊపింది. "ఎల్లి జాయినవ్వకపోతే జీతమాపేస్తారు మేడం. ఆటో కిస్తీలున్నాయి. అప్పీలు రాసుకుంటూ ఎక్కడ కూకోమంటారు నన్ను? మళ్లీ ఆ బెంచీ మీదా?"

మాట్లాడకుండా ఉండలేక, తెలివితక్కువగా ఒక మాట అన్నాను. "నువ్వు గెలిచేవమ్మా. రుజువైందని రాశాం. అది చెరిపేది కాదు. రేపు ఇంకొకరికి ఇలా జరిగితే నీ పేరు చెప్పి ధైర్యం చెబుతాను."

బస్సు డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. నిర్మల పిల్లని చంకనేసుకుని, నా వైపు తిరిగి, ఎప్పటిలాగే నెమ్మదిగా అంది:

"వద్దు మేడం. నేను గెలిసేనని ఎవరికీ సెప్పకండి. ఇని ఇంకో ఆడగుంట నమ్మెత్తాది."

బస్సు వడ్డాది రోడ్డు పట్టింది. ఆటోలో ఉన్న పెద్దవాడు అప్పుడు దిగి, దాని వెనక కొంతదూరం పరిగెత్తాడు. వాళ్ల నాన్న వెళ్లి పట్టుకొచ్చాడు.

మూర్తిగారు మా ఆఫీసులోనే, పూర్తి మర్యాదలతో రిటైరయ్యాడు. నిర్మల ఇంకా పాడేరు పైనే ఉందని విన్నాను. మీరు కమిటీలో కూర్చున్నాక ఏ ఆడపిల్లయినా వచ్చి, ఫిర్యాదు ఇస్తే ఏమవుతుందని అడిగితే, రాయమనే చెప్పండి. రాయకపోతే ఆ బెంచీ ఎప్పటికీ అక్కడే ఉంటుంది. కాని నిర్మల కేసు గెలిచిన కేసని మాత్రం చెప్పకండి. రికార్డులో రుజువైందనే ఉంది, చూసుకోవచ్చు. ఆమె మాత్రం గెలవలేదు.